న్యూ ఫోల్డర్ రెండు

ఆ ఆదివారం పుంగనూరులో మామగారింట్లో భోజనాలయ్యాక మునికుమార్ తన ల్యాప్‌టాప్ సంచి తెచ్చి ఉమాపతి ఒళ్లో పెట్టాడు.

"బావా, ఇది శానా నిదానమైపోయిండాది. ఏం తెరవాలన్నా జాగా లేదంటాండాది. పనికిరానివన్నీ తీసేసి ఇయ్యి. ఒక్కటి మాత్రం గ్యాపకం పెట్టుకో. దాంట్లో ఒక ఆట ఉండాది. దాన్ని ముట్టుకోవద్దు."

"ఆటా?" అన్నాడు ఉమాపతి.

"ఊఁ. కోటలో తిరిగే ఆట."

ఉమాపతి లోలోపల నవ్వుకుని సరేనన్నాడు. మునికుమార్ అతని భార్య సుమలతకు తమ్ముడు. నాలుగేళ్ల వయసులో తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఏర్పాటుతో కంప్యూటర్ నేర్చుకున్నాడు, పరీక్ష రాశాడు, ఇప్పుడు కుప్పంలో ఒక బ్యాంకులో గుమాస్తా. ఇదంతా ఉమాపతికి తెలుసు. పెళ్లయిన తొమ్మిదేళ్ల నుంచీ చూస్తూనే ఉన్నాడు. కానీ బావమరిది నోట ఆట అనే మాట వినగానే, బ్యాంకులో తోటివాళ్ల పిల్లలెవరో ఎక్కించి ఉంటారు, ఇతను మొహమాటపడి ఉంచుకున్నాడు అనుకున్నాడు.

ఉమాపతి మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. వాళ్లమ్మ కాంతమ్మ టమాటా మార్కెట్‌లో కాయలు ఏరి కొడుకును చదివించింది. రెండు వైపులా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఉమాపతి దగ్గరికే వస్తుంది. అతనికి ఆ పని ఇష్టం. నిండిపోయిన డిస్కును ఖాళీ చేయడమంటే మరీ ఇష్టం. డిస్కు ఎంత నిండిందో చూపే ఎర్రగీత నీలంగా మారి సగానికి దిగిపోతే, చెత్తతో నిండిన గదిని ఊడ్చినట్టు ప్రాణం హాయిగా ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం తరగతులు లేనప్పుడు ల్యాప్‌టాప్‌ను ల్యాబ్‌లో తెరిచాడు. పాత అప్‌డేట్లు, రెండుసార్లు దిగిన ఫైళ్లు, ఎప్పటివో ఇన్‌స్టాలర్లు తీసేశాడు. కొంత జాగా వచ్చింది. అన్నిటికంటే పెద్దది ఆటే. యాభై జీబీ పైన ఉంది.

ముట్టుకోవద్దన్న మాట అతనికి గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఆట మొత్తాన్ని తీసేయలేదు. దాని ఫోల్డర్ తెరిచి లోపల చూశాడు. ఫ్రెంచి, జర్మన్, జపాన్ మాటల మూటలు కనిపించాయి. అవి తీసేశాడు. ఆట మొదట్లో వచ్చే వీడియోలు తీసేశాడు. ఆటను ఒకసారి నడిపి చూశాడు. బాగానే తెరుచుకుంది. పద్దెనిమిది జీబీ జాగా కలిసొచ్చింది. అక్కడ ఆపేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

కానీ ఆ ఫోల్డర్ అడుగున ఇంకో ఫోల్డర్ ఉంది. పేరు న్యూ ఫోల్డర్ రెండు. ఏ ఆట చేసినవాళ్లూ తమ ఆటలో అలాంటి పేరుతో ఫోల్డర్ పెట్టరు. లోపల పదకొండు వందల నలభై చిన్న చిన్న ఆడియో ఫైళ్లు. పేర్లు లేవు, అన్నీ అంకెలే. మొత్తం కలిపి రెండు వందల ఎంబీ కూడా లేదు. అంత చిన్నదాన్ని తీసినా ఒకటే, ఉంచినా ఒకటే. అయినా అది అక్కడ ఉండటం ఉమాపతికి కంట్లో నలకలా అనిపించింది.

ఒక ఫైలు నొక్కాడు. ఎలుక కీచుమన్నట్టు ఒక ఆడగొంతు, విపరీతమైన వేగంతో, "గుంత" అంది. ఇంకోటి నొక్కాడు. "ఎడం పక్క గోడ." రికార్డు చేసి రెండింతలు వేగం పెంచినట్టున్నారు.

అప్పుడు ల్యాబ్‌లో ఇంకో ముగ్గురు లెక్చరర్లు ఉన్నారు. హాజరు పట్టికలు ప్రింటు తీసుకోవడానికి వచ్చారు. ఉమాపతి స్పీకర్ పెంచి వాళ్లకు వినిపించాడు.

"వినండి సార్, ఈ వింత. మా బావమరిది కంప్యూటర్‌లో ఎవరో చిన్నపిల్లలు గొంతు మార్చి ఆడుకున్నారు."

గుంత అన్నదాన్ని నాలుగైదుసార్లు నొక్కాడు. గుంత, గుంత, గుంత. నవ్వారు. వాళ్లలో ఒకాయన ఆ గొంతును అనుకరించాడు. ఇంకా నవ్వారు. కామర్స్ చెప్పే తాహిర్ కూడా మొదట నవ్వాడు గానీ, ముందుగా ఆపేసింది అతనే.

"మన పక్క మాటలాగా ఉండాది కదా సార్," అన్నాడు. "ఆయనకు ఒకసారి ఫోన్ చేసి అడగరాదా? ఏమో, దేనికి పెట్టుకున్నాడో."

"కళ్లు లేనోడికి ఆట ఏంటికి తాహిర్?" అన్నాడు ఉమాపతి. "ఎవడో ఎక్కించింటాడు. అయినా మనమేమన్నా ఆట తీసేస్తాండామా? దాంట్లో చెత్త తీస్తాండాం, అంతే."

ఫోన్ చొక్కా జేబులోనే ఉంది. చేయవచ్చు. చేస్తే మునికుమార్ వద్దంటాడని అతనికి తెలుసు. ముట్టుకోవద్దని ముందే అన్న మనిషి మళ్లీ ఏమంటాడు? అందుకే చేయలేదు. ఆ సంగతి తర్వాత చాలా రోజులు ఉమాపతి తనకు తాను కూడా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం వేళ కదా, నిద్రపోతుంటాడని చేయలేదు అనుకున్నాడు.

ఫోల్డర్‌ను ఎంచుకుని, చెత్తబుట్టలోకి కూడా పోకుండా ఒకేసారి తుడిచేశాడు.

బుధవారం ల్యాప్‌టాప్ పుంగనూరు తీసుకువెళ్లి మునికుమార్‌కు ఇచ్చాడు. సెలవు ముగించుకుని కుప్పం వెళ్లబోతున్న మునికుమార్ అక్కడే తెరిచి చూసుకున్నాడు. చెవిలో తీగ పెట్టుకుని రెండు నిమిషాలు విని, ముఖమంతా నవ్వుతో, "గుర్రం మాదిరి పోతాండాది బావా," అన్నాడు. వాళ్లమ్మ మారెమ్మ అల్లుడికి మళ్లీ కాఫీ పెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి సుమలత ఫోన్ మోగింది. ఆమె వంటింట్లో చపాతీలు కాలుస్తూ స్పీకర్‌లో పెట్టింది. ముందుగదిలో కూర్చున్న ఉమాపతికి అన్నీ వినబడుతున్నాయి.

"అక్కా, ఆటలో నువ్వు పలకడం లేదు," అన్నాడు మునికుమార్.

"పలకడం లేదా? అంటే?"

"కోటలోకి పోయినా. అడుగు ఏస్తాండా. గోడకు తగులుకుంటాండా. నీ గొంతే లేదు. వెతికితే ఫోల్డరే లేదు. నువ్వు చెప్పినవన్నీ దాంట్లోనే కదా ఉండేది. బావ ఉండాడా?"

ఉమాపతికి ఆ మాటలు ముందు అర్థం కాలేదు. నువ్వు పలకడం లేదు అంటే ఏమిటి? ఆ తర్వాత ఒక్కసారిగా అర్థమైంది, ల్యాబ్‌లో విన్న కీచుగొంతు ఆమెదే. సుమలత పిండి చేత్తోనే ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"బావా, నువ్వు శుభ్రం చేసేటప్పుడు ఆడ న్యూ ఫోల్డర్ రెండు అని ఉండిందా?"

ఆ క్షణంలో ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే తప్పు అక్కడికి సగమయ్యేది. సుమలత అతని ముఖంలోకే చూస్తోంది. ఉమాపతి చూపు ఫోన్ వైపు తిప్పుకున్నాడు.

"చూసినట్టు లేదు కుమారా. నీ హార్డ్ డిస్క్ పాతది. కొంచెం దెబ్బ తినుండాది. దెబ్బ తిన్న చోట ఉండే ఫైళ్లు అట్ల పోతాంటాయి."

"అట్లనా," అన్నాడు మునికుమార్.

సుమలత ఫోన్ దగ్గరికి వంగింది. "పోతే పోనీలేరా. మీ బావ శానా జాగ్రత్త మనిషి, ఆయప్ప చేతిలో అట్ల పోదు. డిస్కే చెడిపోయుంటాది. నేను మళ్లీ చెప్తాలే."

భార్య తన తరఫున అంత నమ్మకంగా మాట్లాడుతుంటే ఉమాపతి టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అన్నాల దగ్గర అడిగాడు. "ఏంది అది? నువ్వేం చెప్పినావు దాంట్లో?"

సుమలత ఆశ్చర్యపోయింది. "నీకు చెప్పినా కదా. దీపావళి ముందర. కుమారుకు ఆటలో మాటలు చెప్తాండానని. ఊఁ అన్నావు నువ్వు."

ఊఁ అనే ఉంటాడు. అతనికి గుర్తులేదు.

ఆమె చెప్పింది. మునికుమార్‌తో చదువుకున్న మణికంఠ అని ఒకతను బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తాడు. అతను ఆ ఆటకు ఒక చిన్న ప్రోగ్రాము తగిలించాడు. ఆటలో మనిషి నడుస్తుంటే ముందు గోడ ఉందా, గొయ్యి ఉందా, తలుపు ఎన్ని అడుగుల దూరం, శత్రువు ఏ పక్క నుంచి వస్తున్నాడు, అన్నీ ఆ ప్రోగ్రాము పలికిస్తుంది. మొదట మిషన్ గొంతు పెట్టాడు. మునికుమార్ వద్దన్నాడు. పొద్దస్తమానం బ్యాంకులో మిషన్ గొంతే వింటాండాను, ఇంటికొచ్చినా అదేనా అన్నాడు. అక్కనడిగాడు.

"చిన్నప్పుడు వాణ్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపొయ్యేది నేనే కదా. గుంత ఉండాది, ఎడమకు రా, మెట్టు, బండొస్తాండాది ఆగు అని చెప్పుకుంటా పొయ్యేదాన్ని. అదే మాదిరి చెప్పమన్నాడు. పది నెలలు పట్టింది. మధ్యాన్నం నువ్వు కాలేజీలో ఉండేటప్పుడు తలుపేసుకుని, ఫ్యాన్ ఆపేసి చెప్తాంటి. లారీ హారన్ పడితే మళ్లీ చెప్పాల. గొంతు బొంగురుపోతే రెండు దినాలు ఆపాల. వాడికి వేగంగా వినే అలవాటు గదా, మణికంఠ వేగం పెంచి పెట్టినాడు. నాకే వింటే నవ్వొచ్చేది, ఎవరో అనిపించేది."

ఇది చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఎప్పుడూ లేని ఒక వెలుగు చూశాడు ఉమాపతి. చేతిలోని చపాతీ ముక్క పళ్లెంలో పెట్టేశాడు. గుంత, గుంత, గుంత అని ల్యాబ్‌లో నలుగురు నవ్విన నవ్వు చెవుల్లో మోగుతోంది.

ఆ తర్వాత రెండు వారాలు అతనికి ఏ పనీ సరిగ్గా సాగలేదు. ల్యాబ్‌లో తాహిర్ ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. ఒకరోజు తాహిరే దగ్గరికి వచ్చి, "మీ బావమరిది ల్యాప్‌టాప్ బాగుందా సార్?" అని మామూలుగా అడిగాడు. "ఆఁ, బాగుండాది," అన్నాడు. ఇంట్లో సుమలత మధ్యాహ్నాలు మళ్లీ మొదలుపెట్టాలనుకుంది గానీ, పాత జాబితా కాగితాలు ఎక్కడో పోయాయి. ఏ అంకెకు ఏ మాటో మణికంఠను అడగాలంది. ఒక్కోసారి పని చేసుకుంటూ, ఎవరినీ అననట్టు, "పది నెలలు," అనుకునేది. అతన్ని నిందించడానికి కాదు. ఊరికే అనుకునేది. ఉమాపతి లేచి బయటికి పోయేవాడు.

తుడిచేసిన ఫైళ్లను తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటి మీద కొత్త ఫైళ్లు పడకపోతే కొన్నయినా దొరుకుతాయి. రెండో శనివారం కుప్పం వస్తానని మునికుమార్‌కు ఫోన్ చేశాడు. అప్పటిదాకా ల్యాప్‌టాప్ తెరవొద్దన్నాడు. సుమలత నేనూ వస్తానంది. తమ్ముణ్ని చూసినట్టుంటుందంది. వద్దనడానికి కారణం దొరకలేదు.

పొద్దున ఆరు గంటల బస్సెక్కి, పలమనేరులో మారి, పదకొండుకల్లా కుప్పం చేరారు. మునికుమార్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న ఇంట్లో అద్దెకుంటాడు. తానే కాఫీ పెట్టి ఇచ్చాడు. గ్లాసు నిండే చప్పుడు వింటూ అంచుకు వేలెడు కింద ఆపాడు. సుమలత వంటింట్లోకి వెళ్లి, కూరగాయలు ఏమున్నాయో చూసి, వంట మొదలుపెట్టింది.

ఉమాపతి సాఫ్ట్‌వేర్ నడిపాడు. రెండున్నర గంటలు పట్టింది. అతను తెరవొద్దని చెప్పకముందే ఆట తనంతట తాను ఒక పెద్ద అప్‌డేట్ దించుకుని ఉంది. చాలావరకు దాని కిందే పోయాయి. చివరికి నూట అరవై రెండు ఫైళ్లు దొరికాయి. అంకెలు కూడా పోయాయి. ఏది ఏ మాటో ఒక్కోటి విని గుర్తు పెట్టాలి.

"ఏది ఏ మాటో నేను చెప్తా, నువ్వు రాసుకో బావా," అన్నాడు మునికుమార్. కానీ ఉమాపతికి ఆ వేగంలో ఏమీ అర్థం కాలేదు. వేగం సగానికి తగ్గించాడు. అప్పుడు గదిలో సుమలత మాట్లాడింది.

మెట్లు దిగాల, మూడు. కుడి పక్క తలుపు, మూసుండాది. ఎవరో వస్తాండారు, వెనక. ఆగు. ఆగు. నీళ్లు. వంగి పో. ఒక్కో మాటకు ముందు చిన్నగా ఊపిరి తీసుకోవడం, అయ్యాక ఒక క్షణం ఆగడం. ఒకచోట ప్రెషర్ కుక్కర్ విజిల్ పడింది. ఒకచోట ఆమె నవ్వు ఆపుకోలేక మాట తెగిపోయింది. పక్కగదిలో తాలింపు పెడుతున్న మనిషి గొంతు ఇది. తొమ్మిదేళ్లుగా పొద్దున లేపే గొంతు. ఉమాపతి పెన్ను పట్టుకుని రాస్తూ పోయాడు.

అరవయ్యోదో డెబ్బయ్యోదో ఫైలు. "ఆగు," అంది సుమలత. వెంటనే తలుపు అవతల నుంచి ఒక మగగొంతు, చిరాకుగా: "యాడుండావు? ఎంతసేపు ఆ గదిలో? ఎవరితో నీకు ముచ్చట?" ఆ తర్వాత ఆమె ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. ఫైలు అయిపోయింది.

ఆ గొంతు తనదే.

"అది నువ్వు కాలేజీ నుంచి ముందుగా వచ్చిన దినంది, పనికిరాని రికార్డింగు బావా," అన్నాడు మునికుమార్ మెల్లగా. "అక్క తీసెయ్యమన్నాది. నేను మర్చిపోయినా."

ఉమాపతి తర్వాతి ఫైలు నొక్కలేకపోయాడు. వంటింట్లో గరిటె చప్పుడు వస్తోంది. మునికుమార్ ముఖం అటువైపు తిప్పి, అక్క పనిలో ఉందని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. డిస్క్ దెబ్బ తింటే ఆటకు కావాల్సినవి ఒకటో రెండో అయినా పోవాల కదా. అవన్నీ ఉండి ఇదెట్ల పోతాది? ఫ్రెంచి మాటలు, జర్మన్ మాటలు కూడా లేవు. వీడియోలు లేవు. డిస్క్‌కు అంత తెలివి ఉంటాదా బావా?"

ఉమాపతి పెన్నుకు మూత పెట్టాడు.

"మొన్న ఫోన్‌లోనే అనుకున్నా. నువ్వే చెప్తావేమో అని చూస్తాంటి. అక్క లోపలుండాది. ఇప్పుడు చెప్పు. నువ్వే తీసేసినావా?"

"నేనే," అన్నాడు ఉమాపతి.

"ముట్టుకోవద్దని చెప్పినా కదా."

"చెప్పినావు. ఆట తీయలేదు కదా, దాంట్లో చెత్తే కదా అనుకున్నా." ఆ మాట బయటికి వచ్చాక అతనికే వినడానికి కష్టంగా తోచింది. "నీది కాదు అనుకున్నా కుమారా. నువ్వు ఆడతావని నేననుకోలేదు."

మునికుమార్ వేళ్లతో ల్యాప్‌టాప్ అంచు తడిమాడు. కోపం తెచ్చుకుంటాడేమో, తెచ్చుకుంటే బాగుండు అనిపించింది ఉమాపతికి.

"నన్ను అడగాల్సింది బావా. ఒక్క ఫోన్ చేసింటే సరిపోయేది," అన్నాడు. "సర్లే. అక్కకు నేను చెప్పను. నువ్వు చెప్తే చెప్పుకో."

మధ్యాహ్నం సుమలత వడ్డించింది. తమ్ముడికి కూర ఎక్కడుందో, చారు ఎక్కడుందో పళ్లెం చుట్టూ గడియారం అంకెల లెక్కన చెప్పింది. ఎన్ని దొరికాయని అడిగింది. నూట అరవై రెండు అంటే సంతోషపడింది. "మీ బావ కాబట్టి ఆ మాత్రం తెచ్చినాడు," అంది. మునికుమార్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఉమాపతి రెండోసారి అన్నం వద్దన్నాడు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు బస్టాండులో మదనపల్లె బస్సు కోసం గంట సేపు కూర్చోవలసి వచ్చింది. నాలుగు దాటింది. ఎండ ఇంకా సిమెంటు బల్ల మీదే ఉంది. సుమలత చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, మిగిలినవి ఎన్ని నెలల్లో అవుతాయో లెక్క వేస్తోంది.

"సుమా, డిస్క్ చెడిపోలేదు," అన్నాడు ఉమాపతి. "నేనే తీసేసినా."

ఆమె లెక్క ఆపి అతని వైపు చూసింది. అర్థం కానట్టు చూసి, అర్థమైనాక కొంగు వదిలేసింది.

"తెలీక తీసేసినావా?"

"ఆట ముట్టుకోవద్దన్నాడు. నేను లోపలుండేది చెత్త అనుకున్నా."

"తీసే ముందు విన్నావా?"

అబద్ధం చెప్పడానికి ఇంకా వీలుంది. "విన్నా. రెండు," అన్నాడు.

"నా గొంతని తెలీలేదా నీకు?"

వేగంగా ఉండింది, కీచుగా ఉండింది, నీకే ఎవరో అనిపించిందన్నావు కదా అని చెప్పవచ్చు. కానీ ఊరికే తల అడ్డంగా ఆడించాడు.

సుమలత బస్సుల వైపు చూసింది. "ఒకడివే విన్నావా?"

"లేదు. కాలేజీలో. ఇంకా ముగ్గురుండారు."

"నవ్వినారా?"

"నవ్వినాం."

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. చేతిలోని ప్లాస్టిక్ సంచిని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. "మీ బావ జాగ్రత్త మనిషని నా తమ్ముడికి నేను చెప్పినా," అంది. అంతే అంది. మదనపల్లె బస్సు వచ్చింది. సుమలత ముందు ఎక్కి, డ్రైవరు వెనక ఆడవాళ్ల సీటులో ఒక ముసలామె పక్కన కూర్చుంది. ఉమాపతి వెనక ఎక్కడో నిలబడ్డాడు. పుంగనూరు దాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. అక్కడ దొరికినా కూర్చోలేదు.

సోమవారం కాలేజీలో తాహిర్‌ను టీ కొట్టుకు పిలిచి సంగతంతా చెప్పాడు. తాహిర్ విని, టీ సగంలో ఆపి, "వదినమ్మ గొంతా సార్ అది?" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత కాలేజీ పనుల గురించి మాట్లాడాడు. నవ్విన మిగతా ఇద్దరికీ ఉమాపతి చెప్పలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ ధైర్యం చాలలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోలేదు. కావలసినవన్నీ మాట్లాడుకుంటున్నారు. కానీ సుమలత మదనపల్లె ఇంట్లో మళ్లీ రికార్డు చేయనంది. లారీల గోల అంది. ఆదివారం పుంగనూరు వెళ్లి అమ్మావాళ్ల ఇంట్లో చేస్తానంది. ఉమాపతి బండి మీద దిగబెడతానంటే కాదనలేదు. ఆమె లోపలి గదిలో తలుపు వేసుకుంటే, అతను వీధి అరుగు మీద కూర్చుంటున్నాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, రానా అని అతను అడగలేదు.

మూడో ఆదివారం మామ మునస్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్లు కూలికి పోయిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంటిపట్టున ఉంటున్నాడు. బీడీ తీసి, వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ అడిగాడు.

"ఏమప్పా, మా పాప పోయినేడంతా చెప్పిందంతా పాయెనంట కదా. ఎవరో తుడిపేసినారని మారెమ్మ అంటాండాది. ఎవడప్పా వాడు?"

అంటే అక్కాతమ్ముడూ ఇద్దరూ పేరు చెప్పలేదు. ఇంట్లో తన మర్యాద అలాగే ఉంచారు. ఎవరో బ్యాంకువాడు అంటే ఈ ముసలాయన నమ్ముతాడు. ఇంకో మాట అడగడు.

"నేనే మామా," అన్నాడు.

మునస్వామి తిరిగి చూశాడు. "నువ్వా?"

"నేనే. పనికిరానివనుకుని తీసేసినా. అడక్కుండా తీసేసినా. మళ్లీ డిస్క్ చెడిపోయిందని అబద్ధం చెప్పినా."

మునస్వామి బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. అల్లుణ్ని ఒక్క మాట అనడం ఆయనకు చేతకాదు, ఎప్పుడూ అనలేదు.

"మాకైతే ఆ పెట్టెల సంగతి తెలీదప్పా," అన్నాడు. "తెలిసినోడివి నువ్వే కదా."

ఉమాపతి అరుగు అంచు చూస్తూ కూర్చున్నాడు. లోపల సుమలత ఒకే మాటను మళ్లీ మళ్లీ చెబుతోంది, సరిగ్గా వచ్చేదాకా. తలుపు మూసి ఉన్నందున మాట తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. పెరట్లో కోడి ఒకటి గుడ్డు పెట్టినట్టుంది, గోడ మీదికెక్కి గట్టిగా అరవసాగింది. లోపల సుమలత ఆపేసింది.

"ఆ కోడిని తోలప్పా ముందు," అన్నాడు మునస్వామి. "పాప చెప్పేది చెడిపోతాది."

ఉమాపతి లేచి, చెప్పులు చప్పుడవుతాయని వదిలేసి, ఇంటి వెనక్కి నడిచాడు.